మొదటి పెంకు ఇంటివాళ్ళే తీయాలి: డోర్నకల్ దగ్గరి మా మందిరానికి ఒక రోజు ప్రయాణం

రోహిణి కార్తె ఎండలు మండుతున్న రోజుల్లో, ఒక ఉదయం ప్రార్థన ముగించుకొని లేచేసరికి రూతమ్మక్క ఫోన్ చేసింది. అక్క మా పెద్దనాన్న కూతురు. డోర్నకల్ అవతల మేము పుట్టిన పల్లెలో ఉంటుంది. భర్త చనిపోయి చాలా ఏళ్ళయింది. అక్కడి ప్రార్థన మందిరాన్ని ఆనుకుని ఆమె ఇల్లు, ఆ ఇంటికి వీధివైపు ఆమె చాయ్ దుకాణం. మూడింటికీ కలిపి ఒకటే పొడుగాటి గూన పెంకుల కప్పు. "చెల్లే, మృగశిర దగ్గరికొచ్చింది. మీ వరుస అట్లనే ఉన్నది. వచ్చి మొదటి పెంక తీసి పో" అన్నది. "నేనెందుకక్కా, మేస్త్రీ మౌలాలన్నతోని చేయించు. ఫోన్ల చెప్తున్న కదా" అన్నాను. "ఫోన్ల చెప్తే పెంక లేస్తదా?" అని పెట్టేసింది. ఆ మాట పట్టుకునే మరుసటి శనివారం వరంగల్ స్టేషన్‌కు బయలుదేరాను. డోర్నకల్‌లో పెద్ద చర్చి చూడడానికి వెళ్ళాలనుకునే వాళ్ళు నన్ను దారి అడుగుతుంటారు. వాళ్ళకు కూడా పనికివస్తుందని ఆ రోజు సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. మా పల్లె పేరు మాత్రం రాయను. అక్క వద్దన్నది.

ముందు ఈ వరుసల సంగతి చెప్పాలి. మా తాతల కాలంలో ఆ మందిరం కట్టినప్పుడు కప్పును వాసాల లెక్కన ఇంటింటికీ పంచారట. పైన కొప్పు నుంచి కింద చూరు దాకా, రెండు వాసాల మధ్యనున్న భాగం ఒక కుటుంబానిది. దాన్నే వరుస అంటాం. వానకాలం ముందు ఒక శనివారం ఎవరి వరుస వాళ్ళు తిరగేసుకోవాలి. పెంకులన్నీ దింపి, దుమ్మూ ఆకులూ దులిపి, పగిలినవి తీసేసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఎక్కేటట్టు మళ్ళీ పేర్చాలి. ఇంటివాళ్ళలో ఒకరు తమ చేత్తో మొదటి పెంకు తీశాక మిగతా పని ఎవరు చేసినా తప్పు లేదు. ఆ మొదటి పెంకు తీయకుండా ఇంకొకరి వరుస మీద చేయి వేయడమంటే, ఆ ఇంటి దీపం ఆరిపోయిందని చెప్పినట్టే అనుకునేవాళ్ళు. మర్యాద కోసం పెట్టుకున్న ఈ కట్టుబాటే తర్వాత మా కప్పు మీదికి వచ్చింది. ఒక్కో కుటుంబం ఖమ్మానికో వరంగల్‌కో వెళ్ళిపోయింది. ఊళ్ళో ఉన్నవాళ్ళు తమ వరుసలు శుభ్రంగా తిరగేసుకుంటూ, పక్క వరుసలో కోతులు పెంకులు జరిపినా, కిందికి వాన కారినా, "వాళ్ళు వస్తరు లే" అని ఊరుకున్నారు. నేనూ మా తమ్ముడూ ఎవరి సంసారాల్లో వాళ్ళం పడి, ఎవరో చూసుకుంటున్నారులే అనుకున్నాం.

వరంగల్ నుంచి ఖమ్మం వైపు పొద్దున్నే వెళ్ళే బండ్లు రెండు మూడున్నాయి. నేను ఏడు దాటాక వచ్చేది ఎక్కాను. మామూలు టికెట్ యాభై రూపాయలలోపే. బండి సరిగ్గా నడిస్తే గంటన్నర ప్రయాణం. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు కనుక్కోవడం మంచిది. వీలైతే కిటికీ దగ్గర కూర్చోండి. నెక్కొండ, కేసముద్రం దాటుతుంటే దున్ని వదిలేసిన పత్తి చేలు ఎర్రగా, ఖాళీగా వాన కోసం చూస్తుంటాయి. మా నాన్న రైలు పట్టాల పనిలో ఉండేవాడు. నెలకోసారి నన్ను ఇదే దారిలో మానుకోట దాకా తీసుకుపోయి, స్టేషన్లో ఇడ్లీ తినిపించి తిరిగి తీసుకొచ్చేవాడు. ఏ పనీ లేకపోయినా తీసుకుపోయేవాడు. ఎందుకు నాన్నా అంటే, "బండి ఎక్కుడు రావాలె గదా బిడ్డా" అనేవాడు. మహబూబాబాద్ అని పలక మీద రాసి ఉన్నా, నా నోటికి ఇప్పటికీ మానుకోటనే వస్తుంది. ఈసారి కూడా అక్కడ ఇడ్లీ కొన్నాను. చట్నీ పలచగా ఉంది. అయినా మిగల్చలేదు.

డోర్నకల్‌లో దిగగానే స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి. పెద్ద చర్చి దగ్గరే, ఎండ లేకపోతే నడిచి పోవచ్చు. నేను లోపల కాసేపు మోకరించి, చల్లటి నేల మీద కూర్చొని వచ్చాను. ఆ ఎత్తైన స్తంభాల మధ్య కూర్చుంటే మన గొంతు దానంతటదే తగ్గుతుంది. చిన్నప్పుడు ఏడాదికోసారి ఇక్కడికి బండి కట్టుకొని వచ్చేవాళ్ళం. మా అమ్మ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, మా జుట్టు మళ్ళీ దువ్వి లోపలికి పంపేది. పరదేశం నుంచి చూడవచ్చినవాళ్ళు కూడా ఆ గుమ్మంలో నిలబడి మా నూనె తలలనే చూసేవాళ్ళని రూతమ్మక్క ఎప్పుడూ నవ్వేది.

అక్కడి నుంచి పల్లెకు ఆటో మాట్లాడుకున్నాను. ఇరవై నిమిషాల దారి. నూట యాభై అన్నాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. అతని పేరు శ్రీను. దారిలో ఒక ఇంటి మీద రేకుల పైన వరుసగా పెట్టిన బండరాళ్ళు చూపించి, "మా ఇంటి మీద గూడ గట్లనే పెట్టిన మేడమ్. మొన్న గాలిదుమారానికి రేకు లేచింది, రాయి లోపటికొచ్చింది. మా అవ్వ మంచం మీద పడ్డది" అన్నాడు.

"అయ్యో, ఆమెకేమన్నా అయిందా బాబూ?"

"అవ్వకేం గాలె. బయట వాకిట్ల కూసోని నన్ను తిడుతుండె. ఆ తిట్లే కాపాడినయ్" అని నవ్వాడు. "రేకేమో పక్క చేన్ల పడ్డది. తెచ్చుకుందమని పోతే ఆ పటేలు, నా చేన్ల పడ్డది నా పంటే అంటడు. ఇప్పుడు కొత్తయి ఏసిన. కొక్కెం బోల్టులు పెట్టి, కింది ఇనుప పైపుకు బిగించిన. రాళ్ళు బంద్."

"మంచి పని చేసినవు."

"అవ్వ మాత్రం ఇంక వాకిట్లనే పండుతాంది. నీ బోల్టులు నువ్వే నమ్ముకో అంటది."

అక్క దుకాణం ముందు దిగేసరికి పదకొండు కావస్తోంది. అక్క మిర్చీలకు పిండి కలుపుతూనే, "వచ్చినవా? ఎండకు నల్లగైనవ్. వరంగల్ల నీళ్ళు దొరుకుతలేవా?" అన్నది. అరవై దాటినా ఆ చేతి వేగం తగ్గలేదు. నేను కాళ్ళు కడుక్కొని మందిరంలోకి వెళ్ళాను. లోపల చీకటిగా, చల్లగా, పాత మట్టి వాసనతో ఉంది. నాకు ఆ వాసన మా అమ్మ కొంగు వాసన. పెంకులు తిరగేసే శనివారం నాడు ఆడవాళ్ళం నిచ్చెన నుంచి వాకిలి దాకా వరుసగా నిలబడి, చేతి నుంచి చేతికి పెంకులు అందించుకునేవాళ్ళం. మగవాళ్ళు పైన. తేలు కనబడితే పైనుంచి కేక వేసేవాళ్ళు, కింద వరుస మొత్తం ఆగిపోయేది. ఎవరో ఒకరు కీర్తన ఎత్తుకునేవాళ్ళు. పెంకు అందుకోవడానికీ పాటకూ లయ కుదిరేది. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, అన్నం. మట్టి చేతులు ఎంత కడిగినా ఆ రోజు అన్నం కొంచెం ఎర్రగానే ఉండేది. ఇన్నేళ్ళలో ఎన్నో విందుల్లో తిన్నాను, ఆ పప్పు రుచి మళ్ళీ రాలేదు.

తర్వాత పైకి చూశాను. మందిరానికీ అక్క ఇంటికీ మధ్యనున్న గోడ మీద పెద్ద టేకు దూలం కొస ఆనుతుంది. ఆ కొస నల్లబడి, తడికి ఉబ్బి, చూస్తుండగానే పొడి రాలుతోంది. గోడ మీద నీళ్ళు దిగిన చారలు అక్క వంటింటి వైపు దాకా పోయాయి. మౌలాలన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన మేస్త్రీ. మందిరం కప్పు వేసింది వాళ్ళ తాతే. అందుకని పడమటి చివరి వరుస, గాలి మొదట కొట్టే వరుస, ఆ ముస్లిం కుటుంబానికి ఇచ్చారు. ఏటా ఆయన వచ్చి దాన్ని తిరగేసి, అక్క చేతి చాయ్ తాగి పోతాడు.

"ఎట్లుందన్నా?" అని అడిగాను.

"ఎట్లుంటది చెల్లె, ఊళ్ళె ఉన్నోళ్ళయి, వచ్చిపోయినోళ్ళయి అన్ని వరుసలు అయిపోయినయ్. మీది ఇయ్యాల అయితది. దేవదానం వరుస ఒక్కటే ఉన్నది. అది సక్కగ ఈ దూలం కొస మీదనే ఉన్నది. అది తిరగేయకుంటే నేను దూలానికి ఎన్ని ఆసరాలు పెట్టినా వట్టిదే. ఈ వానకాలం ఆగదు. దూలం కూసుంటే గోడ కూసుంటది, గోడ కూసుంటే అక్క ఇల్లు, దుకాణం, అన్నీ."

"మరి తిరగేయరాదే?"

ఆయన దుకాణం వైపు చూసి గొంతు తగ్గించాడు. "అక్క ముట్టనియ్యది. రేపు వానలొస్తే నువ్వు బిడ్డ దగ్గరికన్న పో, ఇల్లు ఖాళీ చెయ్యి అన్న. దానికి గూడ ఊ అనది."

దేవదానం మాకు బావ అవుతాడు. చాలా ఏళ్ళ కింద ఒక క్రిస్మస్ ఆరాధనలో అకాల వాన కురిసి, ఆయన వరుస కారి, వేదిక మీది బైబిల్ తడిసింది. అప్పుడు సంఘ పెద్దగా ఉన్న అక్క భర్త అందరి ముందూ ఆయన్ను గట్టిగా మందలించాడు. దేవదానం భార్యాపిల్లలతో లేచి, గుమ్మం దగ్గర ఆగి, "నేను వచ్చేదాక నా వరుస ఎవ్వరు ముట్టొద్దు" అని వెళ్ళిపోయాడు. బొగ్గు గనుల వైపు పోయారని కొందరు, ఇంకా దూరం పోయారని కొందరు అన్నారు. ఎంత వెతికించినా అక్కకు జాడ తెలియలేదు.

నేను అక్క పక్కన పీట వేసుకొని కూర్చున్నాను. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. "అక్కా, ఇల్లు పోతదంట కదా" అన్నాను.

"పోతే పోనీ. మా ఆయన నోటి మాటకు ఆ మనిషి సంఘం ఇడిసి పోయిండు. పోతా పోతా ఒక్కటే అడిగిండు, ముట్టొద్దని. అదన్న నిలబెట్టకపోతే నేనేం మనిషిని?" అని నూనెలో మిర్చీలు వేసింది. ఆమె చెప్పినదాంట్లో తప్పెక్కడుందో నాకు కనిపించలేదు.

పన్నెండింటికి నా పని మొదలైంది. నిచ్చెన మూడు మెట్లెక్కి, మా వరుస చూరు దగ్గర మొదటి పెంకు తీసి మౌలాలన్న చేతికిచ్చాను. అంత బరువుంటుందని మరిచిపోయాను. "నువ్వు ఇంక దిగు, నీకు మోకాళ్ళ నొప్పి ఉన్నది గదా" అని అక్క కింది నుంచి అరిచింది. మౌలాలన్నా, ఆయనతో వచ్చిన కూలీలిద్దరూ మా వరుస ఎండలోనే తిరగేశారు. పగిలినవాటి చోట, ఎవరిదో పాత ఇల్లు విప్పినప్పుడు మౌలాలన్న దాచిన పెంకులు వేశారు. కొత్త సైజు పెంకు పాతదాని మీద ఎక్కదు, సందు పడుతుంది. అందుకే ఎక్కడ గూన పెంకుల ఇల్లు విప్పినా ఆ పెంకులు పారేయనివ్వకుండా తెచ్చి పెట్టుకుంటాడట.

మూడు దాటాక పడమట ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. మౌలాలన్న చప్పున కూలీలను దించేశాడు. చూస్తుండగానే దుమ్ము లేచింది. ఆ గాలిలో వీధిలో ఉన్న రేకుల ఇళ్ళ వాళ్ళందరూ పిల్లలను చంకన వేసుకొని మందిరంలోకి పరుగెత్తుకొచ్చారు. మా చిన్నప్పుడు కూడా గాలిదుమారం వస్తే ఊరు ఇక్కడికే వచ్చేది. మతంతో పని లేదు, బరువైన కప్పు ఇదొక్కటే. పెంకులు గలగలమంటుంటే పిల్లలు అమ్మల కొంగుల్లో దూరారు. తలుపులన్నీ వేసి గడియలు పెట్టాం, గాలి లోపలికి దూరితే కప్పును కింది నుంచి లేపుతుందని. చీకట్లో చూస్తే అందరూ గోడ వారగా, సరిగ్గా ఆ దూలం కొస కిందే కూర్చున్నారు. పిల్లల తలల మీద సన్నగా చెక్కపొడి రాలుతోంది.

"ఆడినుంచి లేవుండ్రి. ఇటు జరుగుండ్రి" అన్నది అక్క.

"ఎటు జరగాలె పెద్దమ్మా, అంత నిండింది కదా. గోడ పక్కన జర ధైర్యముంటది" అన్నది ఒక చిన్నపిల్ల తల్లి.

అక్క తానే పోయి ఒక్కొక్కరినీ చేయి పట్టి లేపింది. ఇద్దరు పిల్లలను తన ఒళ్ళోకి లాక్కుంది. పైన దేవదానం వరుస నుంచి రెండు పెంకులు జారి వాకిట్లో పడి పగిలిన చప్పుడైంది. వెంటనే ఆ సందులోంచి పెద్ద పెద్ద చినుకులు దూలం మీద పడి, గోడ మీదుగా దిగడం మొదలుపెట్టాయి. నేను కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. మళ్ళీ కళ్ళు తెరిచినప్పుడు అక్క ఆ సందు వంకే చూస్తోంది.

అరగంటలో అంతా సద్దుమణిగింది. వాన నాలుగు చినుకులతో సరిపెట్టుకొని పోయింది. జనం బయటికి వచ్చి ఎవరి రేకులు ఉన్నాయో చూసుకోవడానికి వెళ్ళారు. అక్క కొంగు నడుముకు దోపుకొని, "మౌలాలీ, నిచ్చెన ఇటు పెట్టు" అన్నది.

"ఎవరి వరుసకు అక్కా?"

"దేవదానం వరుసకు."

ఆయన తెచ్చి పెట్టాడు. నేను కింద పట్టుకున్నాను. అక్క రెండు మెట్లెక్కి ఆగి, చూరు మీద చేయి ఆనించి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది. "బావా, నువ్వు ముట్టొద్దన్నవ్. ఇన్నేండ్లు ముట్టలె. నువ్వు ఈడ ఉండి ఉంటే ఆ పిల్లలను తడవనిస్తవా? నువ్వు తియ్యాల్సిన పెంక నేను తీస్తున్న. వరుస నీదే. కోపమొస్తే వచ్చి తిట్టు, చాయ్ పోస్త." తర్వాత పెంకు తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని గోడ వారగా విడిగా పెట్టాను.

"ఆయన వస్తే నీ కంటే ముందు నన్ను తిడుతడు, పనోన్ని నేనే కదా" అన్నాడు మౌలాలన్న, పైకెక్కుతూ.

"నువ్వు తిట్లు తిననిదెప్పుడు?" అన్నది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

పొద్దు వాలేలోగా ఆ వరుస సగం అయింది. మిగతాది మర్నాడు ఆరాధన అయ్యాక, దూలం పని సోమవారం నుంచి అనుకున్నారు. నేను సాయంత్రం బండికి పోవాలి. శ్రీను ఆటోకు ఫోన్ చేస్తే వచ్చాడు. అక్క నాకు మిర్చీలు కట్టిస్తూ, "మీ అమ్మ ఉంటే ఇయ్యాల మామిడికాయ పప్పు చేస్తుండె. నేను మిర్చీలతోనే ఎల్లగొడుతున్న" అన్నది. తొమ్మిదిలోపు వరంగల్ చేరాను.

తర్వాత మౌలాలన్న ఆ దూలం కుళ్ళిన కొస కోసేసి, కింద రాతి పలక పరిచి, మందపాటి టేకు గుంజతో ఆసరా ఇచ్చాడు. తాను తీసిన ఆ మొదటి పెంకును అక్క చివరన మళ్ళీ దాని చోటే పెట్టించిందట. మృగశిర వెళ్ళాక ఒక రాత్రంతా వాన కొట్టిందని, గోడ మీద కొత్త చార పడలేదని, పొద్దున్నే పొయ్యి పొడిగా ఉందని ఫోన్లో చెప్పింది. దేవదానం బావ జాడ ఇంకా తెలియలేదు. మేమంతా ఒకరి సొత్తును గౌరవించాలంటే దాన్ని ముట్టకపోవడమే అనుకొని ఇన్నాళ్ళు గడిపాం. లేని మనిషి తరఫున నిలబడి, అతను ఉంటే చేసే పని మనం చేయడం కూడా గౌరవమేనని అక్క నిచ్చెన మీద చెప్పింది. ఆ మాటలు ప్రభువు కూడా విన్నాడని నా నమ్మకం. వచ్చే ఏడాది పెంకుల శనివారానికి మా తమ్ముడిని, పిల్లలను వెంటబెట్టుకొని పోవాలనుకుంటున్నాను. మా పిల్లలకు పెంకు అందుకోవడం రాదు, నేర్చుకుంటారు.

మీరూ ఈ దారిన వెళ్ళాలనుకుంటే మృగశిరకు ముందే వెళ్ళండి. వెళ్ళే ముందు మీ సొంత ఇంటినో దుకాణాన్నో కూడా ఒకసారి చూసుకోండి. నడి మధ్యాహ్నం తలుపులు కిటికీలు అన్నీ మూసి, దీపం ఆర్పి, కాసేపు కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక కప్పు కేసి చూడండి. పెంకులైనా రేకులైనా, వెలుతురు చుక్క కనిపించిన ప్రతిచోటా, దానికి సరిగ్గా కింద నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఎండ దిగిన చోటే వాన దిగుతుంది.